ఎడమ పక్క మనిషి

ఆ ఆదివారం తెల్లవారేసరికి మబ్బు సముద్రం మీద లేదు, కొండ మీద ఉంది. పాలరాతి క్వారీల నోళ్ళలోకి దూరి, పగలంతా అక్కడే పడుకునేలా కనిపించింది. కింద మైదానం, మైదానం అంచున నీళ్ళు మాత్రం కడిగి బోర్లించిన పళ్ళెంలా మెరుస్తున్నాయి. ఎల్వీరా కిటికీ రెక్క పట్టుకుని కాసేపు చూసి, గొడుగు అక్కర్లేదనుకుంది.

పీసా వెళ్దామన్నది లిబెరోయే. గురువారం సాయంత్రం గడప మీద కూర్చుని బూట్లకంటిన తెల్ల బురద గీకుతూ, తలెత్తకుండానే అన్నాడు.

"ఆదివారం పీసా పోదామే. ఆ వాలు గోపురం ఎక్కి వద్దాం."

"ఇప్పుడేమొచ్చింది?"

"ఏమొచ్చిందేంటి? జర్మనీ నుంచి వచ్చి ఎక్కిపోతున్నారు. మనం రైలెక్కితే గంటలో ఉంటాం. ఎప్పుడూ చూళ్ళేదు కదా."

ఎల్వీరా ఇంకేం అడగలేదు. పెళ్ళయ్యాక ఆస్పత్రికి వెళ్ళింది, చావులకి వెళ్ళింది. ఊరికే చూసి రావడానికి మొగుడితో కలిసి ఊరు దాటింది లేదు. రెండు రోజులూ ఆ మాట నోట్లో బెల్లం ముక్కలా దాచుకుని తిరిగింది. ఆదివారం పొద్దున్న మంచి రవిక ఇస్త్రీ చేసుకుని మెట్లు దిగుతుంటే, ఎదురింటి క్లారిచె బట్టలారేస్తూ కేకేసింది.

"ఏమ్మోయ్, రెండో పెళ్ళికా?"

"మొదటి పెళ్ళికి ఊరేగింపు బాకీ ఉందటలే!" అంది ఎల్వీరా.

లిబెరో నవ్వుతూ ఆమెకి కుడి పక్కకి వచ్చి చెయ్యి పట్టుకున్నాడు. కిందటి చలికాలం నుంచి అలవాటైంది అతనికి. సంతకెళ్ళినా, వాగు వంతెన దాకా వెళ్ళినా, ఆమెని ఎడమ పక్కన పెట్టుకుని, మోచెయ్యి గట్టిగా పట్టుకుని నడుస్తాడు. ఆడవాళ్ళు చాటుగా నవ్వుకునేవాళ్ళు. ఎల్వీరా విసుక్కున్నట్టు ముఖం పెట్టేది కానీ చెయ్యి విడిపించుకునేది కాదు. వయసులో ఉన్నప్పుడు ఆమె కంటే ఎప్పుడూ నాలుగడుగులు ముందు నడిచిన మనిషి.

లిబెరో పై క్వారీలో మోకు మనిషి. పొద్దున్నే అందరికంటే ముందు కొండ నెత్తికెక్కి, మోకు నడుముకి కట్టుకుని, రాతి గోడ వెంట కిందికి జారుతూ గునపంతో తడతాడు. గట్టి రాయి కంగుమంటుంది. లోపల పగులున్నది డొల్లగా పలుకుతుంది. డొల్ల రాయిని పెళ్ళగించి కిందికి తోసేస్తాడు. గోడంతా తట్టి, పైనుంచి అతను "మంచిదే!" అని అరిస్తే గానీ కింద రాయి కోసేవాళ్ళు అడుగు పెట్టరు. ఎల్వీరా తమ్ముడు దుయీలియో ఆ కోసేవాళ్ళలో ఒకడు.

మోకు మనిషి పెళ్ళాం పొద్దున్నపూట మొగుడితో జాగ్రత్త అనదు. అంటే చెడు. ఎల్వీరా ఎన్నడూ అనలేదు. రొట్టె, ఉప్పులో ఊరిన పంది కొవ్వు గుడ్డలో మూటగట్టి చేతికిస్తుంది, అతను తీసుకుంటాడు, అంతే.

పీసాలో రైలు దిగి నదీ వంతెన దాటి, ఇరుకు వీధుల్లోంచి నడిచి వెళ్ళారు. చివరి సందు మలుపు తిరిగేసరికి పచ్చిక, పచ్చిక మీద ఆ తెల్లటి కట్టడాలు. ఎల్వీరా ఆగిపోయింది. రోజూ లారీల మీద కట్టేసి, బురద పట్టి, గొలుసులతో ఈడ్చుకుపోయే రాయినే చూసింది తను. అదే రాయి ఇలా నిలబడుతుందని ఎవరూ చెప్పలేదు. లిబెరో మాత్రం గుడి గోడ దగ్గరికి వెళ్ళి వేలి కణుపుతో తట్టి, తల వంచి విన్నాడు.

"ఏమంటోంది?" అంది ఎల్వీరా నవ్వుతూ.

అతను పలకలేదు. ఆమె కుడి పక్కకి వచ్చి మళ్ళీ అడిగితే, "బాగానే ఉంది," అన్నాడు.

ముందు బాప్తిస్మాల గుండ్రటి గుడి ఎక్కారు. మెట్లు గోడ లోపల్నుంచే పైకి పోతాయి, చీకటిగా, ఒక మనిషి పట్టేంత. లిబెరో ఆమె భుజం మీద చెయ్యి వేసి వెనకే వచ్చాడు. ఆ చెయ్యి బరువుగా ఉంది. ఎక్కే మనిషి చెయ్యి అంత బరువుండకూడదు అనిపించింది కానీ, మెట్లు ఇరుకు కదా అనుకుంది. పైన వసారాలో నిలబడితే కింద కాపలావాడు తలుపు మూయించి, అందరినీ నోరు మూసుకోమని, గొంతెత్తి ఓ రాగం తీశాడు. అతను ఆపేశాక కూడా రాగం ఆగలేదు. కప్పు కింద గుండ్రంగా తిరుగుతూ, ఎవరో ఇంకో నలుగురు పాడుతున్నట్టు ఒకదానిమీదొకటి పేరుకుంది.

"అబ్బ! చుట్టూ తిరుగుతోంది చూడు," అంది ఎల్వీరా.

లిబెరో కళ్ళు చికిలించి విన్నాడు. "తిరగడమేంటి? ఇక్కడే ఉందిగా," అని కుడి పక్క గోడ చూపించాడు.

అతను ఎకసెక్కం ఆడుతున్నాడనుకుని ఆమె నవ్వింది. అతను నవ్వలేదు.

గోపురం దగ్గర జనం బారు తీరి ఉన్నారు. లోపల మెట్లు అరిగి, ఒక్కొక్కటీ పెద్ద గరిటెలా గుంట పడ్డాయి. ఎక్కుతుంటే ఒకచోట ఎవరో గోడకేసి నెట్టినట్టుంటుంది, ఇంకాస్త తిరిగాక ఎవరో వెనక్కి లాగినట్టుంటుంది. ప్రతి అంతస్తులోనూ బయటికి ఒక ద్వారం, ద్వారం అవతల స్తంభాల మధ్య నడవ. నడవకి కటకటాలు లేవు. నున్నటి రాయి, రాయి తర్వాత గాలి. ఒక లావుపాటి జర్మన్ ఆయన టోపీ నోట కరుచుకుని, రెండు చేతులూ గోడకి ఆనించి పీతలా పక్కకి నడుస్తున్నాడు. అతని పెళ్ళాం ఫొటో తీస్తూ పడీ పడీ నవ్వుతోంది. "గోడ వారన! గోడ వారన!" అని కాపలావాడు అరుస్తున్నాడు.

లిబెరో ఎల్వీరా చెయ్యి వదిలేశాడు.

"నువ్విక్కడే ఉండు."

స్తంభాల వెంట నడిచాడు. గోడ పట్టుకోలేదు. రెండు చేతులూ వేలాడేసి, సంతలో నడిచినట్టు నడిచాడు. తూలే జనం మధ్య అతనొక్కడే తిన్నగా ఉన్నాడు. మలుపు తిరిగి కనపడకుండా పోయాడు. ఎల్వీరా ద్వారబంధం పట్టుకుని నిలబడింది. మోకు మీద అతన్ని ఆమె ఎన్నడూ చూడలేదు. ఆడవాళ్ళు క్వారీకి వెళ్ళరు. ఇలాగే ఉంటాడు కాబోలు అనుకుంది. రెండో పక్కనుంచి అతను వచ్చేదాకా ఆమె ఆ బంధం వదల్లేదు.

"చూశావా?" అన్నాడు.

"చూశాను."

"తిన్నగా నడిచానా లేదా?"

"నువ్వు నడవకేం? రోజూ కొండకి వేలాడే మనిషివి."

"అది కాదే. నడిచానా, లేదా?"

"నడిచావయ్యా బాబూ, మహారాజులా నడిచావు!"

అతని ముఖం విప్పారింది. అలాంటి ముఖం చూసి ఎన్నాళ్ళయిందో ఆమెకి గుర్తులేదు. పైకి, గంటల దగ్గరికి ఎక్కినప్పుడు దూరంగా వాళ్ళ కొండలు కనిపించాయి, తెల్లగా గీరుకుపోయి. పక్కనున్న దొరసాని ఒకామె వచ్చీరాని భాషలో అది మంచా అని అడిగింది.

"మంచు కాదమ్మా. మా తిండి," అన్నాడు లిబెరో, ఛాతీ పొంగించి.

దిగి వచ్చాక కూడా అతను ఆమె చెయ్యి పట్టుకోలేదు. పచ్చిక పక్కన చదునుగా పరిచిన రాళ్ళ బాట మీద, పూర్వంలాగే నాలుగడుగులు ముందు నడిచాడు. ఎల్వీరా వెనకనుంచి చూస్తోంది. మొదట రెండడుగులు బాగానే పడ్డాయి. తర్వాత ఒకటి ఎడమకి పడింది. దాన్ని సరిచేసుకోవడానికి వేసిందీ ఎడమకే పడింది. ఎవరో నడుముకి తాడు కట్టి పక్కకి లాగుతున్నట్టు అతను బాట దాటి పోయి, బొమ్మలమ్మే బల్ల మీద పడ్డాడు. సున్నపు గోపురాలు బారులు బారులుగా రాలి, ముక్కలయ్యాయి.

"ఏమయ్యోయ్! గోపురాన్ని చూసి నువ్వూ వాలడం నేర్చుకున్నావా?" బల్ల వెనక ఆడమనిషి నడుం మీద చేతులు పెట్టుకుంది. "పట్టపగలే పట్టించేస్తే ఎలాగయ్యా?"

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. లిబెరో పొద్దున్నుంచి మంచినీళ్ళు తప్ప తాగలేదు. ముక్కలు ఏరబోయి మోకాలి మీద కూలబడి, నేలని అరచేత్తో అదిమి పట్టుకున్నాడు, అది ఎక్కడికో పోతున్నట్టు. ఎల్వీరా వంగి అతని ముఖం చూసింది. కళ్ళు రెండూ ఒక పక్కకి జారిపోతున్నాయి, ఉలిక్కిపడి వెనక్కి వస్తున్నాయి, మళ్ళీ జారిపోతున్నాయి.

నష్టపరిహారం ఇచ్చి, అతన్ని లేవదీసి, అలవాటు ప్రకారం ఎడమ పక్కకి వెళ్ళి నిలబడింది. అతను మోచెయ్యి పట్టుకున్నాడు. ఆ పట్టు ఆమెకి తెలుసు. చలికాలం నుంచీ తెలుసు. వయసు మళ్ళాక వచ్చిన ప్రేమ అనుకుని, దానికోసమే రవిక ఇస్త్రీ చేసుకుంది. అతను పట్టుకున్నది గోడని.

*

రైల్లో ఆమె అతనికి ఎడమ పక్కన కూర్చుని, ముందుకు చూస్తూ మెల్లగా అంది. "ఇల్లు తగలబడిపోతోంది."

అతను అవతలి కిటికీలోంచి పొలాలు చూస్తున్నాడు.

ఆమె లేచి అతని కుడి పక్కకి మారింది. "ఎప్పట్నుంచి?"

రైలు ఒక స్టేషన్ దాటింది.

"ద్రాక్ష కోతలప్పుడు మొదలైంది," అన్నాడు. "చెవిలో కీచురాయి అరిచినట్టు. తర్వాత తిరగడం. రోజూ రాదు."

"డాక్టరు?"

"ఎవరికీ చూపించలా. చూపిస్తే అందరికీ తెలిసిపోద్ది." ఆమె వైపు తిరిగాడు. "గోపురం మీద చూశావుగా. అంత జనం తూలుతుంటే నేను తూలానా? ఎత్తు మీద నాకేం కాదు. నేల మీదే ఈ గోలంతా."

"ఆ గోపురం వంకరది లిబెరో."

"అయితే?"

"వంకర దాని మీద తిన్నగా నడిచావు. తిన్నగా ఉన్నదాని మీద పడ్డావు."

అతను పెదవి కొరుక్కున్నాడు. పరీక్ష అతను తనకి తాను పెట్టుకున్నది. తెలిసినవాళ్ళెవరూ చూడని ఎత్తు కోసం వెతికి, లోకంలో తూలకుండా ఎవరూ ఎక్కలేని చోటుని ఎంచుకున్నాడు. ఆ పరీక్ష చెల్లదని ఇప్పుడు తెలిసొచ్చినట్టుంది.

"రాయి పలుకు?" అంది ఆమె. "అది వినపడుతోందా?"

"కుడి చెవితో వింటా. తల తిప్పుకుంటా."

"దుయీలియో కింద ఉంటాడు."

"తెలుసు!" ఎదురు బెంచీలో నిద్రపోతున్న సన్యాసిని ఉలిక్కిపడేలా అన్నాడు. గొంతు తగ్గించాడు. "నన్ను చెప్పమంటావు. సరే, చెప్పా. మోకు దింపేస్తారు. రంపాల షెడ్డులో బురద ఎత్తుకుంటా, చచ్చిపోను. ఆ తర్వాత? నా బదులు ఇంకోణ్ణి ఎక్కిస్తారనుకున్నావా? సిల్వానో మేస్త్రీ ఎప్పట్నుంచో కాచుకున్నాడు. తట్టడానికి పూట పడుతోంది, పూట దండగ అంటాడు. కింద నిలబడి దుర్భిణీ పెట్టి చూసి మంచిదే అనేస్తాడు. అవతలి క్వారీలో అదే చేస్తున్నారు. సగం చెవిటివాడు మేలా, దుర్భిణీ మేలా? నువ్వే చెప్పు."

మిగిలిన దారంతా ఆమె అతని కుడి పక్కనే కూర్చుంది. దిగాక ఎడమ పక్కకి వెళ్ళి చెయ్యి ఇచ్చింది. మెట్ల దగ్గర క్లారిచె, "ఊరేగింపు బాగా జరిగిందా?" అంటే, "బాగా జరిగింది," అంది.

*

సోమవారం అతనికి రొట్టె మూట ఇచ్చింది. జాగ్రత్త అనలేదు. ఆ రోజంతా గిన్నె తోముతున్నా, నీళ్ళు తోడుతున్నా కొండ వైపే చెవి పెట్టుకుంది.

సాయంత్రం దుయీలియో వచ్చాడు. ద్రాక్షసారా గ్లాసు పుచ్చుకుని, బల్ల మీద తన తిండి డబ్బా పెట్టాడు. మూత లోపలికి నలిగిపోయి ఉంది.

"చూడక్కా, బావ పంపిన కానుక! మంచిదే అని అరిచి ఎంతోసేపు కాలేదు, తలకాయంత రాయి దిగింది. నేను నీళ్ళ తొట్టి దగ్గరికి వెళ్ళా కాబట్టి సరిపోయింది. డబ్బా మాత్రం అక్కడే ఉంది పాపం." గ్లాసు ఎత్తాడు. "ఏం బావా, దానికీ నాకూ తేడా తెలీలేదా నీకు?"

"వానలకి వదులైన రాయి," అన్నాడు లిబెరో. "ఒక్కోటి అలా వస్తది."

"వస్తదిలే. బావ తట్టాక కూడా వచ్చిందంటే అది నా కోసం కాదు, డబ్బా కోసమే."

దుయీలియో పకపకా నవ్వాడు. ఎల్వీరా డబ్బా మూత తీసి, తిరగేసి, రోకలి మొనతో లోపల్నుంచి కొట్టింది. మూత కొంచెం లేచింది కానీ పూర్వపు ఆకారం రాలేదు. లిబెరో తన పళ్ళెంలోకే చూస్తూ రొట్టె తుంచుకున్నాడు. దుయీలియో వెళ్ళిపోయాక, ఆమె అతని కుడి పక్కకి వచ్చింది.

"నువ్వు చెప్తావా?"

"వానలు తగ్గనీ."

మంగళవారం వాన కురిసింది. క్వారీ పని ఆగింది. చూరు నీళ్ళు సందులో తెల్లగా, పాలు ఒలికినట్టు పారాయి. వాన వెలిశాక కొండ పగుళ్ళు ఒళ్ళు విరుచుకుంటాయి. మోకు మనిషికి అసలు పని అప్పుడే. రోజంతా లిబెరో మోకు ముందేసుకుని పేట పేటా వేళ్ళతో తడిమి, కొవ్వు రాశాడు. ఒకసారి తలెత్తి ఏదో అనబోయాడు. ఆమె చేతిలో పని ఆపి చూసింది. అతను మళ్ళీ మోకు మీదికి వంగాడు.

*

బుధవారం ఇంకా వెలుగు రాకముందే అతను మూట తీసుకుని వెళ్ళాడు. ఎల్వీరా శాలువా కప్పుకుని వెనకే బయల్దేరింది.

లారీ వచ్చే దాకా క్వారీ వాళ్ళంతా వీధి మొగలో కాఫీ కొట్టులో చేరతారు. ఆ వేళ ఆడది అందులో అడుగు పెట్టదు. ఆమె తలుపు తోసేసరికి లోపలి రొద సన్నగిల్లింది. పొగ, తడి ఉన్ని, రమ్ము వేసిన కాఫీ వాసన. లిబెరో బల్లకి మోచేతులానించి గోడ వైపు తిరిగి ఉన్నాడు. అతని కుడి పక్కన కాఫీ యంత్రం బుసకొడుతోంది.

"ఏమ్మా, మా లిబెరో బుద్ధిగా కాఫీయే తాగుతున్నాడా లేదా చూసిపోడానికా?" అన్నాడు సిల్వానో మేస్త్రీ. నలుగురు నవ్వారు.

"అక్కా, ఎవరికేమైంది?" దుయీలియో ముందుకొచ్చాడు.

"ఈయనకి ఎడమ చెవి పోయింది," అంది ఎల్వీరా. "తల తిరుగుతోంది. ద్రాక్ష కోతల నుంచి. ఇవాళ మోకు ఎక్కనివ్వకండి."

దుయీలియో భుజం తడితే లిబెరో తిరిగాడు. ఆమెని చూశాడు. ముఖం పాలిపోయింది.

"ఏం చేస్తున్నావే ఇక్కడ?"

"మీ ఆవిడ నీకు చెవుడంటోంది," అన్నాడు మేస్త్రీ.

"పీసా గోపురం ఎక్కించా, బెదిరిపోయింది. కలలొస్తున్నాయి దానికి." అందరి వైపూ చూసి నవ్వాడు. "ఎన్నేళ్ళు తట్టానురా మీ నెత్తి మీద కొండని? ఒక్కడైనా పోయాడా నా కింద?"

"లేదు, లేదు," అన్నారు ముసలివాళ్ళు. మోకు మనిషి మాటని కాదనడం అక్కడ లేదు. ఒకరిద్దరు ఎల్వీరా వైపు జాలిగా చూశారు. దుయీలియో నేల చూపులు చూస్తున్నాడు. లిబెరో మళ్ళీ బల్ల వైపు తిరిగి కప్పు అందుకున్నాడు. బయట లారీ చప్పుడు దగ్గరైంది.

క్వారీలో మనిషి పోతే బూర ఊదుతారు. ఒకటే ఊపిరి, పొడుగ్గా. అది వినపడితే కొండల మీద ఏ క్వారీలోనైనా సరే పనిముట్టు ఎక్కడిదక్కడ వదిలేసి దిగిపోతారు. వంటింట్లో ఆడది పొయ్యి ఆర్పి గుమ్మంలోకి వస్తుంది. ఆ మాట ఎగతాళికి అనేవాళ్ళు ఆ ఊళ్ళో లేరు.

ఎల్వీరా అతని ఎడమ భుజం వెనక నిలబడి, మామూలు గొంతుతో అంది.

"బూర మోగుతోంది."

కప్పులు బల్ల మీద పడ్డ చప్పుడు ఒక్కసారే వచ్చింది. కొట్టువాడు యంత్రం కట్టేశాడు. తాగుతున్నవాడు, మాట్లాడుతున్నవాడు, టోపీ పెట్టుకుంటున్నవాడు, అందరి తలలూ తలుపు వైపు, కొండ వైపు తిరిగాయి. దుయీలియో అప్పటికే టోపీ తీసేశాడు.

లిబెరో చెంచాతో కాఫీ కలుపుతున్నాడు. ఆ నిశ్శబ్దంలో చెంచా చప్పుడొకటే మిగిలింది. కాసేపటికి అతనికి పక్కవాడి వీపు కనిపించింది, ఆపైన మిగతా వీపులు. కప్పు దించి, వాళ్ళు చూస్తున్న వైపు చూసి, "ఏంటి?" అన్నాడు.

కొండ మీద ఏ బూరా మోగలేదు. వాళ్ళు ఇప్పుడు తలుపు వైపు చూడడం లేదు. అతని వైపు చూస్తున్నారు.

"ఏంట్రా?"

ఒక ముసలాయన వచ్చి అతని భుజం మీదనుంచి మోకు తీసుకున్నాడు. లిబెరో ఇవ్వనూ లేదు, పట్టుకోనూ లేదు.

"సరే," అన్నాడు సిల్వానో మేస్త్రీ గొంతు సవరించుకుని. "గోడ నేను చూస్తాలే. కింద నుంచి బాగానే కనపడుద్ది. పదండి, లారీ ఆగింది."

"ఎవరు తడతారు?" అన్నాడు దుయీలియో.

"చూస్తానన్నానుగా."

"చూడ్డం కాదు మేస్త్రీ. నిన్నంతా వాన. తట్టేదెవరు?"

"తట్టించుకోవాలనుంటే ఇంటి దగ్గర ఉండి మీ అక్క చేత తట్టించుకో. రానివాడు రాకపోవచ్చు. రంపం దగ్గరికి మనుషులకి కరువా?"

ఎవరూ కదల్లేదు. తర్వాత ఒకడు కదిలాడు, పిల్లలున్నవాడు. వాడి వెనక ఇంకొకడు. దుయీలియోకి ఎదురుపడకుండా, ఎల్వీరా ముఖం చూడకుండా, ఒక్కొక్కరే తలుపు దాటారు. మోకు తీసుకున్న ముసలాయన దాన్ని మేస్త్రీ చేతికివ్వబోతే, అక్కర్లేదని చెయ్యి ఊపాడు. ముసలాయన దాన్ని చుట్టచుట్టి కుర్చీ మీద పెట్టి, తనూ వెళ్ళి లారీ ఎక్కాడు.

ఇంటికి వెళ్ళేటప్పుడు లిబెరో ఆమె చెయ్యి పట్టుకోలేదు. ఇళ్ళ గోడలు పట్టుకుని నడిచాడు. మోకు మోసుకుంటూ దుయీలియో వెనక వచ్చాడు. గుమ్మం దగ్గర ఆగి లిబెరో ఆమెతో ఒకే మాట అన్నాడు.

"ఆ మాట ఎలా అనగలిగావే?"

ఆమె లోపలికి వెళ్ళి చిక్కుడు గింజలు పొయ్యి మీద పెట్టింది. పిండి కలిపింది, పలచగా ఒత్తింది, సన్న పట్టీలుగా కోసింది. కోసేటప్పుడు కత్తి చాలాసార్లు ఆగింది. ఎండొచ్చింది. పైన క్వారీలో రంపం మొదలైన రొద సన్నగా దిగుతోంది. దుయీలియో కిటికీ తెరిచి పెట్టాడు, తెరిచే ఉంచాడు.

మధ్యాహ్నం ముగ్గురూ బల్ల చుట్టూ కూర్చున్నారు. ఎల్వీరా మూడు పళ్ళాల్లోకి చిక్కుళ్ళ పులుసు వడ్డించి, నూనె చుక్క వేసి, రొట్టె మధ్యలో పెట్టింది. ఆమె, తమ్ముడు చెంచా నోటి దాకా తెచ్చి ఒక్కోసారి ఆపుతున్నారు, కిటికీ వైపు చెవి పెట్టి, మళ్ళీ తింటున్నారు. లిబెరో కిటికీ వైపు చూడలేదు. ఉన్న ఆ ఒక్క చెవినీ నమ్మలేక, వాళ్ళిద్దరి ముఖాలూ మార్చి మార్చి చూస్తూ తిన్నాడు.